రేకుల ప్రార్థనాలయాలు

ప్రార్థనా మందిరమనగానే రాతి గోడలు, ఎత్తైన గోపురాలు మన కన్నుల ముందు నిలుచును. కాని 19వ శతాబ్దిలో ఇంగ్లండున ముడతల ఇనుప రేకులతో వందలాది చర్చీలు వెలసినవి. జనులు వాటిని ‘టిన్ టాబర్నకిల్’, అనగా తగరపు గుడారమని పిలిచినారు. ఆ పిలుపులో కొంత ఎగతాళి కలదు. నిజానికి ఆ రేకులలో తగరము లేదు. ఇనుముపై జింకు పూత ఉన్నది.

పలుచని రేకు సులభముగా వంగును. ముడతలు పెట్టినచో బరువు మోయగలదు. లండను రేవు ఇంజనీరు హెన్రీ పామర్ 1829లో ఈ రేకుకు పేటెంటు పొందినాడు. 1837లో ఫ్రాన్సు దేశీయుడు సోరెల్ జింకు పూత పద్ధతికి పేటెంటు పొందినాడు. దానితో తుప్పు భయము తగ్గినది.

ఆ కాలమున ఫ్యాక్టరీల చుట్టూ, రైలు మార్గాల వెంట కొత్త పేటలు పెరిగినవి. రాతి చర్చికి నిధులు చేకూరుటకు ఏండ్లు పట్టును. కార్మిక కుటుంబాలు అంతవరకు ఆగగలవా? ఈ అవసరాన్ని లండను, లివర్‌పూలు కంపెనీలు గ్రహించినవి. చెక్క చట్రము, రేకులు, లోపలి పలకలు, కిటికీలు ముందే సిద్ధపరచి రైళ్లలోను ఓడలలోను పంపేవారు. కొన్ని వారాలలో చర్చి నిలిచేది. అవసరమైనచో విప్పి వేరొకచోటికి తరలించేవారు.

లోపములు లేకపోలేదు. వేసవిలో ఉక్క, చలికాలమున వణుకు, వాన కురిసిన ప్రసంగము వినరాదు. విలియం మోరిస్ వంటి కళాభిమానులు ఈ రేకులను తీవ్రముగా నిరసించినారు. అయినను విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు 1851లో బాల్మోరల్ వద్ద రేకులతోనే నృత్యశాల కట్టించినాడు. తాత్కాలికమని కట్టినవి కొన్ని శతాబ్దము దాటినవి. లండనులోని కిల్బర్న్‌లో 1863 నాటి చర్చి నేటికిని రక్షిత కట్టడముగా నిలిచియున్నది.

రేకు ఒక్క మతానికే పరిమితము కాలేదు. ఒంటెలతో ఆస్ట్రేలియా ఎడారులలో సరకులు చేరవేసిన అఫ్గాను, భారత ఉపఖండపు ముస్లిములు బ్రోకెన్ హిల్ పట్టణమున ఇట్టి రేకులతోనే మసీదు కట్టుకొన్నారు. అది నేడు మ్యూజియము. 1943లో స్కాట్లండుకు ఉత్తరముననున్న ఆర్క్‌నీ దీవులలో ఇటలీ యుద్ధఖైదీలు రెండు రేకుల షెడ్లను కలిపి చర్చిగా మలచినారు. తోటివారు ఆ దీవిని విడిచి వెళ్లినను, చిత్రకారుడు డొమెనికో కియొక్కెట్టి పని పూర్తిచేయుటకై అక్కడే ఆగినాడు.

రేకుల షెడ్డులో నడచు పాఠశాలను, గ్రంథాలయాన్ని మనము చిన్నచూపు చూచుట కద్దు. భవనము లేచువరకు ఆగక, రేకుల నీడనే పని మొదలిడిన వారి చరిత్ర ఇది. పాత షెడ్డును పడగొట్టుటకు ముందు, అందు ఎవరు కూర్చున్నారో ఒక్కమారు తలచుకొనుట మన విధి.