నెల తప్పక ముందే

చి.ల.సౌ. శ్రావ్యకు,

సంక్రాంతి వెళ్లాక మీరిద్దరూ పిల్లల గురించి అనుకుంటున్నారని మీ అమ్మ మొన్న ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. నీకో మాట చెప్పాలి. ఫోన్‌లో చెబితే ‘సరే పెద్దమ్మా’ అని ఆఫీసు పనిలో పడి మరిచిపోతావని ఉత్తరం రాస్తున్నాను. కాగితమైతే ఇంట్లో ఉంటుంది, అల్లుడూ చదువుతాడు. ఫోలిక్ యాసిడ్ బిళ్ల ఈ వారంలోనే మొదలుపెట్టు. నెల తప్పేదాకా ఆగొద్దు.

మన ఇళ్లలో జాగ్రత్తలన్నీ నెల తప్పాకే మొదలవుతాయి. బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు, బొప్పాయి ముట్టొద్దు అని పదిమందీ పది మాటలు చెబుతారు. పెళ్లయి, ఇంకా నీళ్లోసుకోని అమ్మాయిని మాత్రం ‘ఏం తింటున్నావే?’ అని అడిగేవాళ్లుండరు. ‘విశేషమేమైనా ఉందా?’ అనే అడుగుతారు. లేబర్ రూములో నర్సుగా ఉద్యోగమంతా గడిపినదాన్ని, ఈ అలవాటు వల్ల ఎంత నష్టమో కళ్లారా చూశాను.

లెక్క చెబుతాను, జాగ్రత్తగా చూడు. పిండం పడ్డ మూడో వారంలో దాని వీపువైపు పలుచని పొర ఒకటి ఉంటుంది. దాని రెండంచులూ పైకి లేచి, చాప చుట్టినట్టు దగ్గరికొచ్చి, గొట్టంలా మూసుకుంటాయి. ఆ గొట్టం పైభాగమే తర్వాత మెదడు, కింది భాగం వెన్నుపాము. ఈ పనంతా పిండం పడ్డ 28 రోజుల్లోపే అయిపోతుంది. అంటే నీకు నెలసరి రావలసిన తేదీ దాటిన రెండు వారాలకు. ఆ రెండు వారాలూ ఎలా గడుస్తాయో ఆలోచించు. ఆలస్యమైందేమో అని నాలుగు రోజులు ఊరుకుంటాం. తర్వాత కిట్ తెచ్చి చూసుకుంటాం. గీతలు రెండూ కనిపించాక అమ్మకి చెప్పి, మంచిరోజు చూసుకుని, డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటాం. ఆవిడ చీటీ మీద ఫోలిక్ యాసిడ్ రాసేసరికి ఏడో వారమో ఎనిమిదో వారమో. గొట్టం మూసుకోవడమో, మూసుకోకపోవడమో అప్పటికే తేలిపోయి ఉంటుంది.

పైభాగం మూసుకోకపోతే పుర్రె, మెదడు సరిగా ఏర్పడవు, ఆ బిడ్డ బతకదు. కింది భాగం మూసుకోకపోతే వెన్ను చీలిక. దాన్నే స్పైనా బైఫిడా అంటారు. బిడ్డ బతుకుతుంది. కానీ చాలామందిలో కాళ్లు పడిపోతాయి, మూత్రం మీద అదుపుండదు, తలలో నీరు చేరితే గొట్టం వేసి కిందికి మళ్లించాల్సి వస్తుంది. ఆపరేషన్ ఒక్కదానితో ముగిసే కథ కాదు.

ఒక రాత్రి తొలిచూలు కాన్పు. ఆడపిల్ల. ఏడుపు బాగుంది, బరువూ బాగుంది. ఒళ్లు తుడుద్దామని బోర్లా తిప్పాను. నడుము కింద అంగుళమున్నర వెడల్పున తిత్తి. దాని మీద చర్మం లేదు, పలుచని పొర కింద నీరు మెరుస్తోంది. అరికాలి మీద వేలితో గీశాను. కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, బోర్లానే పడుకోబెట్టి పెద్దాసుపత్రికి పంపే ఏర్పాట్లు చేశాం. బయట అత్తగారు గ్రహణం సంగతి ఎత్తింది. గ్రహణం నాడు కోడలు కత్తిపీట ముట్టుకుందట. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, ‘నిజంగా అందుకేనా సిస్టర్?’ అని అడిగింది. కాదమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, నువ్వు చేసిన తప్పేమీ లేదు అని చెప్పాను. ఆమె మా దగ్గరికి మొదటిసారి వచ్చింది మూడో నెలలో. అంతకు ముందు ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇలాంటివి జరిగినప్పుడు తల్లినే బోనెక్కించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. నాకు అది విన్నప్పుడల్లా కడుపు మండుతుంది.

మన దేశంలో ఈ లోపాలు వెయ్యి కాన్పులకు నాలుగు దాకా ఉంటాయని, ఆసుపత్రుల లెక్కలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. తక్కువేం కాదు. కారణం ఒక్కటే ఉండదు. వంశపారంపర్యం కొంత, తల్లికి షుగర్ అదుపులో లేకపోవడం కొంత, కొన్ని మందులు. కానీ మన చేతిలో ఉన్న పెద్ద కారణం ఫోలేట్ లోటు. బిళ్లలో ఉండే ఫోలిక్ యాసిడ్ ఈ ఫోలేట్ రూపమే. కణాలు గబగబా విడిపోయి పెరగాలంటే ఈ విటమిన్ కావాలి. గొట్టం మూసుకునే ఆ కొద్ది రోజుల్లో పెరుగుదల అంత వేగంగా ఉంటుంది మరి.

దీని చరిత్రలో మన దేశానికీ మన జిల్లాకూ వాటా ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి, గర్భిణులైన బట్టల మిల్లు కార్మికుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనత మీద పనిచేసింది. ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఉన్న పదార్థమే ఫోలేట్ అని తర్వాత తేలింది. దాన్ని 1945 నాటికి ప్రయోగశాలలో తయారు చేసింది అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధకుల బృందం. ఆ బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన తోడబుట్టినవాళ్లు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడ్ మందుగా పనిచేస్తుందని తెలిసేనాటికి వాళ్లు లేరు. నువ్వు వేసుకోబోయే పసుపు రంగు బిళ్ల వెనక ఆయన కష్టం ఉంది.

బిడ్డలకు ఇది రక్ష అని గట్టిగా రుజువైంది 1991లో. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులను ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో పరీక్షిస్తే, ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవాళ్లలో లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. తర్వాత చైనాలో మామూలు అమ్మాయిలకు రోజుకు 400 మైక్రోగ్రాములు ఇచ్చి చూశారు. లోపాలు ఎక్కువగా ఉండే ఉత్తర ప్రాంతంలో, పెళ్లికి ముందు చేసే పరీక్షప్పుడే మొదలుపెట్టి మానకుండా వేసుకున్నవాళ్లలో దాదాపు 80 శాతం తగ్గాయి. అమెరికా 1998 నుంచి పిండిలోనే కలిపిస్తోంది. అన్ని లోపాలూ ఆగవు తల్లీ, ఆ మాట దాచను. పదిలో ఆరేడు ఆగినా అవి ఆరేడు ఇళ్లు.

‘ఆకుకూరలు బాగానే తింటున్నాం కదా’ అంటావు. తిను. తోటకూర, పాలకూర, గోంగూర, పెసలు, శనగలు, అలసందలు అన్నీ మంచివే. అయితే ఫోలేట్ వేడికి పాడవుతుంది, నీళ్లలో కరిగిపోతుంది. ఉడికించి నీళ్లు వంపేశావంటే మంచిదంతా తూములో పోయినట్టే. మిగిలినదైనా బిళ్లలో ఉన్నదంత బాగా ఒంటికి పట్టదు. ఫోలిక్ యాసిడ్ కలిపిన బియ్యం ఉంది కదా అని మీ అత్తగారు అనొచ్చు. అందులో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములే ఉంటుంది. రోజుకు 300 గ్రాములు వండుకున్నా నీకు కావలసినదాంట్లో పదోవంతు కూడా రాదు. అందుకని తిండి తిండే, బిళ్ల బిళ్లే.

కావలసింది రోజుకు 400 మైక్రోగ్రాములు. అనుకున్న సమయానికి రెండు మూడు నెలల ముందునుంచి, మూడో నెల నిండేదాకా. మందుల షాపులో అడిగితే చాలాసార్లు 5 మిల్లీగ్రాములది చేతిలో పెడతారు. అది పన్నెండు రెట్లకు పైన. అట్ట మీద చదివి తీసుకో. అంత మోతాదు ముందు ఇలాంటి బిడ్డ పుట్టినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు డాక్టరు రాస్తారు. మీ ఆడపడుచు ఫిట్స్‌కు వాల్ప్రొయేట్ వాడుతోందని మీ పెళ్లిలో విన్నాను. ఆ మందే ఈ లోపానికి దారితీయగలదు. ఆమె పెళ్లికి ముందే నరాల డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకునే వీలుందేమో కనుక్కోమను. తనంతట తాను ఒక్క పూట కూడా మానొద్దని మరీ మరీ చెప్పు. ఫిట్స్ వస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మీ అత్తవారిల్లు శాకాహారం కాబట్టి బీ12 కూడా చూపించుకో. బీ12 తక్కువగా ఉన్న ఒంటికి ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. పరీక్షకు ఒక రక్తపు చుక్క పోతే పోయింది. నాలుగో నెల నుంచి ఎలాగూ ఐరన్‌తో కలిపిన ఎర్ర బిళ్లలు ఇస్తారు. బిళ్ల వేసుకున్నాను కదా అని అయిదో నెలలో బిడ్డలో లోపాలు చూసే టిఫా స్కాన్ మానొద్దు.

ఈ శనివారం ఇద్దరూ వెళ్లి డాక్టరమ్మను కలవండి. షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 రాయించుకో. చిన్నప్పుడు నీకు రూబెల్లా టీకా వేశారో లేదో మీ అమ్మకు గుర్తు లేదట. వెయ్యకపోతే ఇప్పుడే వేయించుకో. వేయించుకున్నాక నెల రోజులు ఆగాలి సుమా. బిళ్ల ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోనక్కర్లేదు, ఒకటే వేసుకో. రిపోర్టులు రాగానే వాట్సాప్‌లో పంపు, నేను చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ