దొరికిన నోటు, పోయిన నోటు

బషీర్‌బాగ్ బస్టాపులో మీకు 50 రూపాయల నోటు దొరికిందనుకోండి. సంతోషమే. మరునాడు అక్కడే మీ జేబులోని 50 రూపాయలు పోయాయనుకోండి. ఈ బాధ ఆ సంతోషం కంటె ఎక్కువ. ఎందుకని?

నష్టం మనకు లాభం కంటె బరువుగా, సుమారు రెట్టింపుగా తోస్తుంది. ఈ సంగతిని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో వివరించారు. మెదడు లోపల స్ట్రయేటమ్ అనే భాగముంది. లాభాన్ని ఊహిస్తే అది చురుకవుతుంది. నష్టాన్ని ఊహిస్తే మందగిస్తుంది. ఆ మందగింపే ఎక్కువని 2007లో స్కానింగు ద్వారా కనుగొన్నారు.

2009 జనవరి 7న మన హైదరాబాదు కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లో లెక్కల మోసం బయటపడింది. ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. ధర పడినప్పుడు చాలామంది "కొన్న ధర వచ్చాక అమ్ముదాం" అనుకుంటారు. అమ్మితే నష్టం ఖాయమవుతుందని భయం! కాని కొన్న ధర మనకే గుర్తు, బజారుకు తెలియదు. "ఇవాళ ఈ ధరకు దీన్ని కొత్తగా కొంటామా?" అన్నదే సరైన ప్రశ్న.

మీరూ పరీక్షించండి. పదిమంది మిత్రులను అడగండి: "బొరుసు పడితే 100 రూపాయలు పోతాయి. బొమ్మ పడితే ఎంత వస్తే ఆడతావు?" డబ్బు పెట్టకండి, జవాబులు మాత్రం రాసుకోండి. 100 చాలన్నవారు ఎందరు?