ద్రవాలలో కేంద్రకాలకు ఎలక్ట్రాన్ల సాయం
— పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (భౌతికశాస్త్రం)



ఎం.ఆర్.ఐ. స్కానింగ్‌లో రోగిని అంతసేపు కదలకుండా ఎందుకు పడుకోబెడతారు? స్కానింగ్ అయ్యాక మా అమ్మ నన్నడిగిన ప్రశ్న ఇది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను.

ముఖ్యమైన కారణాలలో ఒకటి, సంకేతం చాలా బలహీనంగా ఉండటం. ప్రతి ప్రోటాను ఒక చిన్న అయస్కాంతం. బలమైన క్షేత్రంలో కొన్ని దాని దిశలోను, కొన్ని వ్యతిరేక దిశలోను నిలుస్తాయి. 9.4 టెస్లాల క్షేత్రంలో, గది ఉష్ణోగ్రత వద్ద, 10 లక్షల ప్రోటాన్లలో ఆ రెండు పక్షాల తేడా సుమారు 32 మాత్రమే! మిగతావి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే పదేపదే కొలిచి కూడాలి. స్పష్టత 10 రెట్లు పెరగాలంటే 100 సార్లు కొలవాలి. రసాయన పదార్థాలను పరీక్షించే ఎన్.ఎం.ఆర్. పద్ధతికీ ఇదే ఇబ్బంది.

ఎలక్ట్రాను ప్రోటాను కంటే సుమారు 658 రెట్లు బలమైన అయస్కాంతం. మైక్రోతరంగాలతో ఎలక్ట్రాన్లను కదిలిస్తే వాటి ధ్రువణం కేంద్రకాలకు చేరుతుందని 1953లో ఓవర్‌హౌజర్ ఊహించాడు. అదే సంవత్సరం కార్వర్, స్లిక్టర్ లిథియం లోహంలో దాన్ని నిరూపించారు. ద్రవంలో అయితే ఒంటరి ఎలక్ట్రాను ఉన్న రాడికల్‌ను కరిగిస్తారు. అప్పుడు,

పెంపు = 658 × జోడింపు × లీకేజి × సంతృప్తి

చివరి రెండింటి గరిష్ఠ విలువ 1. నీటి ప్రోటాన్లకు జోడింపు గరిష్ఠంగా 0.5. అంటే 329 రెట్లు. సంకేతం మాత్రం తలకిందులవుతుంది.

చిక్కంతా జోడింపులోనే ఉంది. ఊయలను దాని లయకు తగ్గట్టు తోస్తేనే ఊగుతుంది. ఇక్కడ తోసేది అణువుల కదలిక. 9.4 టెస్లాల వద్ద ఎలక్ట్రాను లయ 263 గిగాహెర్ట్‌జ్. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే, ఒక్కో ఊపుకు పట్టేది సుమారు 4 భాగాలే. అంత వేగమైన కదలికలు ద్రవంలో తక్కువ. జోడింపు 0.02కి పడిపోయిందనుకుందాం: 658 × 0.02 = సుమారు 13 రెట్లే!

ఈ విలువను లెక్కించడానికి పాత నమూనా అణువులను గట్టి గోళీలుగా భావించింది. కాని రాడికల్ గోళీ కాదు. దాని ఎలక్ట్రాను ఒక పక్కన ఉంటుంది, అక్కడ నీటి అణువు హైడ్రోజన్ బంధంతో కాసేపు అంటుకుంటుంది. అందుకే 2009లో సెజెర్, ప్రాండొలీనీ, ప్రిస్నర్ కంప్యూటరులో ప్రతి అణువు కదలికనూ అనుసరించి జోడింపును లెక్కగట్టారు.

కార్బన్‌కు మరో దారి ఉంది. అణువులు ఢీకొన్న క్షణంలో ఎలక్ట్రాను నేరుగా కేంద్రకాన్ని తాకే ప్రభావం అది. 2017లో జర్మనీలోని గొట్టింగెన్ శాస్త్రజ్ఞులు 3.4 టెస్లాల వద్ద, గది ఉష్ణోగ్రతలో, కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో సుమారు 1,000 రెట్ల పెంపు చూపారు.

తమ్ముళ్ళూ, సూత్రాన్ని బట్టీపడితే మార్కులు వస్తాయి. దాని వెనుక ఏ బొమ్మను ఊహించుకున్నారో అడిగితేనే శాస్త్రం వస్తుంది. మొన్న ఇంటికెళ్ళి అమ్మకు ఇదంతా చెప్పాను. "అయితే గుసగుసను వినడానికేనా అంతసేపు!" అంది. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

మీకొక లెక్క: 14.1 టెస్లాల వద్ద ఎలక్ట్రాను లయ ఎంత? (జవాబు: సుమారు 395 గిగాహెర్ట్‌జ్)