ఎర్రతిప్ప కింద మీ బావి

చెల్లీ, మీ ఊరి ఎర్రతిప్పను గ్రావెల్ క్వారీకి ఇవ్వబోతున్నారని నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. రోడ్డు పడుతుంది, నలుగురికి కూలి దొరుకుతుంది, తిప్ప ఎలాగూ ఊరికే పడి ఉందిగా అని మీ మరిది అన్నాడన్నావు. ఆ మాట నేను తీసిపారెయ్యను. రోడ్డూ కావాలి, కూలీ కావాలి. కానీ ఆ తిప్ప ఊరికే పడి లేదమ్మా, మీ బావికి నీళ్ళు పోస్తోంది.

నల్లరేగడి తడిసి ఉబ్బిందంటే వాన నీళ్ళు చాలావరకు పైపైనే పోతాయి. గ్రావెల్ నేల మాత్రం తాగేస్తుంది. గులకరాళ్ళ సందుల్లోంచి, ఇసుకలోంచి వడగట్టి మెల్లగా కిందికి దింపుతుంది. రోహిణి కార్తెలో కూడా మీ బావిలో చేద మునుగుతోందంటే ఆ తిప్ప చలవే. దాన్ని లారీలకెత్తితే మట్టితో పాటు వడపోతా పోతుంది, నీళ్ళు దాచుకునే చోటూ పోతుంది.

ఊట తగిలేదాకా తవ్వారనుకో, అది మరీ ప్రమాదం. ఇన్నాళ్ళూ మట్టి మాటున ఉన్న నీళ్ళు బయటపడతాయి. మిషన్ల నూనె, డీజిలు, క్వారీ అయిపోయాక ఊరి చెత్త, అన్నీ ఆ గుంటలోకే. వడగట్టే నేల లేదు కాబట్టి అక్కణ్ణుంచి బావుల్లోకి. ఇక వాన పడితే ఎర్రబురద చెరువులో చేరుతుంది. బురద నీళ్ళలో బ్లీచింగ్ కూడా సరిగా పనిచెయ్యదు, క్రిములు మట్టి రేణువుల చాటున బతికిపోతాయి. అందుకే తాగేనీటిలో మడ్డి 1 ఎన్‌టీయూ దాటకూడదనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 5 వరకు ఓర్చుకోవచ్చనీ మన ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది.

నాకు అన్నిటికంటే భయం మరొకటుంది. బావి ఎండితే ఏం చేస్తాం? లోతు బోరు వేస్తాం. ఫ్లోరైడు భయం అక్కడే. మన దేశంలో ఫ్లోరైడు జబ్బు 1937లో బయటపడింది అప్పటి నెల్లూరు జిల్లాలోని మన మెట్ట పల్లెల్లోనే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. రాతిలోకి లోతుగా దిగేకొద్దీ అది పెరిగే చోట్లు మన వైపు ఎన్నో. గారపట్టిన పళ్ళు, వంకరపోయిన కాళ్ళు, వంగని నడుములు చూస్తూ పెరిగాం మనం. మీ పిల్లలకు ఆ నీళ్ళు రానివ్వకు.

మా పక్క ఊళ్ళో క్వారీ వచ్చిన రెండేళ్ళకు బావులు ఎర్రబడ్డాయి. ఆడవాళ్ళు బిందెలతో వెళ్ళి అడిగితే, "మీ నీళ్ళు ముందునుంచీ ఇంతే" అన్నారు క్వారీ వాళ్ళు. కాదని చూపించడానికి ఆ ఆడవాళ్ళ చేతిలో ఒక్క కాగితం లేదు. నిన్ను ఇంతగా పోరుతున్నది అందుకే. క్వారీ రాకముందు మీ నీళ్ళెలా ఉన్నాయో ఇప్పుడే రాయించి పెట్టు.

జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో అయిదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష కిట్టు వాడడం నేర్పాలని ఉంది. మీ ఊళ్ళో వాళ్ళెవరో పంచాయతీలో అడుగు. లేరంటే నువ్వే ఒకత్తెవు కా. కిట్టుతో సరిపెట్టక, గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌కు కూడా పంపి తేదీ వేసిన రిపోర్టు తీసుకో. క్రిముల పరీక్షకు ఇంట్లో సీసా పనికిరాదు, శుద్ధి చేసిన సీసా వాళ్ళనే అడుగు. బావిలో నీటిమట్టం తాడుతో కొలిచి నోటుబుక్కులో రాయి, వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి.

చిన్న క్వారీకి అనుమతులక్కర్లేదని ఎవరన్నా అంటే నమ్మకు. అయిదు హెక్టార్లలోపు ఉన్నా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. చిన్నదైతే ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే అనుమతి రావచ్చు. అయితే అయిదు వందల మీటర్లలోపు పక్కపక్కనే ఉన్న లీజులన్నిటినీ కలిపి ఒక గుంపుగా లెక్కగట్టాలి. ఆ సేకరణ తప్పించుకోవడానికి తిప్పను ముక్కలు చేసి ఇస్తున్నారేమో కనుక్కో. ప్రజాభిప్రాయ సభ పెడితే నెల రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. సభలో నోటిమాటతో ఊరుకోకుండా నీటి రిపోర్టు జతచేసి అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. ఎంత లోతు తవ్వుతారు, ఊటకు ఎంత పైన ఆపుతారు, బురదనీళ్ళు నిలిపే గుంట ఎక్కడ తవ్వుతారు, ఈ మూడూ గట్టిగా అడుగు.

ఆదివారం నేనొస్తున్నాను. తాడు, నోటుబుక్కు తెస్తాను. నువ్వు మీ వీధి ఆడవాళ్ళను బావి దగ్గరికి పిలువు.