ఇంటి ముంగిలి, అరుగు: బాగుచేసుకొను విధము



ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మనలో ఒక సామెత కలదు. ముంగిలి బాగులేని ఇంట తప్పంతయు ఇల్లాలిమీదికే పోవుచున్నది. ఆమె తెల్లవారకముందే లేచి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేయుచునే యున్నది. అయినను శ్రావణమాసము వచ్చుసరికి వాకిట అడుసు, అరుగునకు బీటలు, గోడ మొదట పెచ్చులు. ఇది చీపురుతో తీరు పని కాదు. దీనికి మూలము నీరు. ఆ నీటికి దారి చూపుట ఇంటి యజమాని పని.

సంక్రాంతికి ముందు మనము సాధారణముగా చేయునది యేమి? పెచ్చులూడిన చోట ఇంత సిమెంటు మెత్తి, పైన రంగు వేయించుట. పండుగ మూడు దినములు ఇల్లు కళకళలాడును. మరుసటి వానకాలము దాటునప్పటికి ఆ రంగు పొక్కులెత్తి రాలును. రంగు మంచిది కాదని దుకాణదారుని నిందింతుము. పని వరుస తప్పినదని తలపోయము. అందుచేతనే ఈ వ్యాసములో సున్నము, రంగు చివరకు వచ్చును.

నీటి దారి

మీ ఇంటి కప్పు 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గలదనుకొనుడు. ఒక్క అంగుళము వాన కురిసినచో ఆ కప్పుమీద పడు నీరు సుమారు 940 లీటర్లు. అనగా 200 లీటర్ల పీపాలు నాలుగున్నరకు పైమాట. రెండు వాలుల పెంకుటిల్లయినచో అందులో సగము మీ వాకిటనే జారును. ఇంత నీరు ప్రతి వానకును గోడకు రెండడుగుల దూరములో నేలను త్రవ్వుచున్నప్పుడు గోడ మొదలు పదిలముగా నుండునని యెట్లనుకొందుము? దీపపు వత్తి నూనెను పీల్చినట్లు గోడ ఆ తడిని పైకి పీల్చును. తడి యారిపోయి అందలి లవణములు గోడమీద మిగులును. గోడకు చౌడు పట్టినదని మనమనునది ఇదే. మట్టిగోడయైనచో మొదలు నాని, జబ్బ సడలి, ఒకనాటి ముసురులో కూలును. నిద్రించువారి మీద గోడ కూలిన వార్తలు ప్రతి వానకాలమందును వినుచునే యున్నాము.

కనుక మొదటి పరీక్ష వాన కురియుచున్నప్పుడు చేయవలెను. గొడుగు పట్టుకొని వాకిట నిలిచి, చూరునీరు ఎక్కడ పడుచున్నది, ఎటు పోవుచున్నది, ఎక్కడ నిలుచుచున్నది చూడుడు. నిలిచిన చోటులందు పుల్లలు పాతి గుర్తుంచుకొనుడు. ఎండలో కొలిచిన కొలతలకంటె ఈ పుల్లలు ఎక్కువ నిజము చెప్పును.

తరువాత చేయవలసినది వాలు. గోడనుండి వీధివైపునకు ప్రతి పది అడుగులకు మూడంగుళములు పల్లముండవలెను. మేస్త్రీలు వాడు నీటిగొట్టము, అనగా నీరు నింపిన సన్నని పారదర్శకపు గొట్టముతో మట్టమును మీరే చూచుకొనవచ్చును. చూరు అరుగు అంచును దాటి కనీసము అరడుగైనను ముందుకు వచ్చునట్లు చూచి, చూరునీరు పడు చోట రాళ్లు పరచి చిన్న కాలువ తీయుడు. రాయలసీమ మిద్దెలకు చూరుండదు, నీరంతయు గొట్టముల నుండి ఒక్క ధారగా దూకును. ఆ ధార పడు చోట పెద్ద బండ వేయకున్నచో రెండు వానలలో గోయి పడును.

నీరు వీధి కాలువలోనికి పోవు వీలు లేనిచోట ఇంకుడు గుంత త్రవ్వవలెను. పొడవు, వెడల్పు, లోతు గజము చొప్పున త్రవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక నింపుడు. ఇది గోడకు పది అడుగులకు తక్కువ దూరములో ఉండరాదు. త్రాగునీటి బావికి ఇంకను దూరముగా నుండవలెను. నల్లరేగడి నేలలలో నీరు సులభముగా ఇంకదు. అక్కడ గుంత త్రవ్వుట వట్టి శ్రమ. కాలువ తీసి నీటిని దూరముగా పంపుటయే మేలు.

ఇక్కడ నేటి చిక్కొకటి చెప్పవలెను. మన గ్రామములలో సిమెంటు రోడ్లు వేసినప్పుడెల్ల పాతదానిని త్రవ్వక దానిమీదనే క్రొత్తది పోయుచున్నారు. వీధి యెత్తగుచున్నది, ఇల్లు పల్లమగుచున్నది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయిన ఇంటిలోనికి నేడు ఒక మెట్టు దిగి పోవలసిన స్థితి వచ్చినది. అప్పుడు చాలమంది బండెడు మట్టి తోలించి వాకిలంతయు రోడ్డు మట్టమునకు నింపుదురు. ఇది పొరపాటు. ఆ మట్టి గోడను బేసుమట్టమునకు పైన తాకి, రాతిపునాది ఆపుచున్న తడిని గోడకే నేరుగా అంటించును. గోడవెంబడి రెండడుగుల మేర మట్టి వేయక వదలి, అక్కడ రాళ్లు పరచిన కాలువ యుంచి, దానికి ఈవలనే నింపుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగా, రోడ్డు పని మొదలు కాకముందే వీధివారందరు కలిసి పంచాయతీకి పోయి, పాత రోడ్డును త్రవ్వి వేయుమని అడుగుడు. కాంక్రీటు పోసిన తరువాత ఎంత మొరపెట్టుకొన్నను ప్రయోజనము లేదు.

అరుగు

అరుగు మనకు అలంకారము కాదు. మధ్యాహ్నము నడుము వాల్చునది అక్కడ, పురి పేనుకొనునది అక్కడ, బేరగాడు వచ్చి ధాన్యము చేతిలో పోసికొని చూచునది అక్కడ. కూర్చుండుటకు పద్దెనిమిది అంగుళముల ఎత్తు, పడుకొనుటకు రెండున్నర అడుగుల వెడల్పు చాలును. పైభాగమునకు బయటివైపు ఒక అంగుళము వాలుండవలెను.

అరుగునకు బీటలెందుకు వచ్చును? నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొనును. ఇంటి పునాది లోతుగా నుండుటచే అంతగా కదలదు. పైపైన కట్టిన అరుగు మాత్రము ఏటేట లేచి పడుచుండును. రెంటిని సిమెంటుతో అతికినచో ఆ అతుకు చీలక మానదు. కనుక అరుగు క్రింది రేగడిని రెండడుగుల లోతున తీసివేసి, మొరముగాని గ్రావెల్‌గాని పొరలు పొరలుగా తడిపి దిమ్మిసతో గట్టిపరచుడు. అరుగును గోడకు అతుకక అరంగుళము సందు విడిచి, ఆ సందును తారు కలిపిన ఇసుకతో నింపుడు. ఎర్రనేలలలో ఇంత శ్రమ యవసరము లేదు.

పైన పరచుటకు బేతంచర్ల, తాండూరు నాపరాళ్లు, కడప బండలు మనకు దొరకుచునే యున్నవి. నునుపు పట్టని గరుకు రాళ్లనే యెన్నుకొనుడు. ఈ మధ్య అద్దమువలె మెరయు టైల్సు అరుగుమీదను, మెట్లమీదను పరచుట వేడుకయైనది. వానతడి కాలితో వచ్చు ముసలివారికి అవి ప్రాణాంతకము. తుంటి ఎముక విరిగినచో అయ్యెడి ఖర్చుతో అటువంటి అరుగులు నాలుగు కట్టవచ్చును. మెట్టు ఎత్తు ఆరంగుళములు, వెడల్పు అడుగు, అన్ని మెట్లును ఒకే కొలత. ఒక్క మెట్టు ఎక్కువ తక్కువగా నున్నను చీకటిలో కాలు తడబడును. వృద్ధులున్న ఇంట ప్రక్కన ఒక ఇనుప గొట్టము పట్టుకొనుటకు పాతించుడు. మెట్లను వీధిలోనికి జరుపకుడు. బండ్లకును ట్రాక్టర్లకును అడ్డు, నీటి కాలువకును అడ్డు, పొరుగువారితో తగవు.

పంచకు కర్ర స్తంభములున్నచో అవి నేలలో పాతియుండరాదు. అడుగు ఎత్తు రాతిదిమ్మెమీద నిలిపినచో చెద మట్టిగొట్టము కట్టుకొని పైకి ప్రాకుట కంటబడును, చీపురుతోనే తుడిచివేయవచ్చును. పాత కరపత్రములు చూచి ఆల్డ్రిన్ కొరకు వెదకకుడు. దాని వాడకము మన దేశమందు నిషేధింపబడినది.

విత్తనపు వడ్లబస్తాలను అరుగుమీద నేరుగా పేర్చకుడు. రాతిచెమ్మ బస్తా అడుగునకెక్కును. విత్తనములో తేమ నూటికి 13 పాళ్లకు మించినచో మొలక దెబ్బతినును. క్రింద చెక్కలు వేసి, గోడకు జానెడు ఎడముంచుడు.

గోడ, సున్నము

మట్టిగోడకు సిమెంటు పూత వేయుట మేలు చేయుచున్నామనుకొని చేయు కీడు. మట్టిగోడ తడిని పీల్చి మరల గాలికి విడుచును. సిమెంటు పూత ఆ విడుచుటను అడ్డగించును. లోపల మట్టి నానుచుండగా బయట గట్టిగానే కనబడి, ఒకనాడు పలకలుగా ఊడును. దానికి బదులు, వదులు మట్టిని గీకి, గోడ తడిపి, తరిగిన వరిగడ్డి కలిపి వారము దినములు నానబెట్టి త్రొక్కిన మట్టితో మెత్తుడు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు తారును కిరసనాయిలుతో పలుచజేసి మట్టిలో కలిపి పూయు పద్ధతిని రూపొందించిరి. ఆ పూత వానకు తొందరగా కొట్టుకొనిపోదు. పొయ్యిమీద నున్న తారులో మాత్రము కిరసనాయిలు పోయరాదు. తప్పక అంటుకొనును.

పూత బాగుగా ఆరిన తరువాతనే సున్నము. పల్నాటి పిడుగురాళ్లనుండి వచ్చు రాళ్ల సున్నమైనను సరే, తీరప్రాంతపు గుల్ల సున్నమైనను సరే. ఇనుప పీపాలో ముందు నీరు పోసి, దానిలో సున్నమును కొద్దికొద్దిగా వేయుడు. సున్నముమీద నీరు కుమ్మరించినచో చిమ్మి కండ్లలో పడును. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి నిలువదు. పిల్లలను దగ్గరకు రానీయకుడు. కంటబడినచో పావుగంట సేపు మంచినీటితో కడిగి వెంటనే వైద్యుని కడకు పోవలెను. రెండు దినములు నానిన పిదప పలుచని గుడ్డలో వడియగట్టి, ఉడికించిన తుమ్మబంక కొంచెము చేర్చుడు.

సున్నము పాలవలె పలుచగా నుండవలెను. చిక్కగా ఒక్కసారి పూసిన సున్నము పొరలు పొరలుగా లేచును. పలుచగా మూడు సారులు, ఒక పూత ఆరిన పిదప మరియొకటి పూయుడు. పూయుటకు ముందు గోడమీద నీరు చిలుకరించుట మరువకుడు. సున్నము గట్టిపడునది ఎండవలన కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని అది మరల సున్నపురాయిగా మారును. ఆ మార్పునకు కొంత తడి కావలెను. మిట్టమధ్యాహ్నము పూసిన సున్నము చేతికంటుటకు కారణమిదే.

మొక్కల విషయము కొద్దిగానే చెప్పెదము. వేప, రావి మొదలగు పెద్ద చెట్లు గోడకు ఇరువది అడుగుల లోపల వలదు. రేగడినేలలో వాని వేళ్లు తడిని లాగి పునాదిని క్రుంగదీయును. గోడ నంటి మడులు కట్టి నీరు పోయుటయు వలదు. కనకాంబరము, మందార, తులసి కాలువ కవతల వేసికొనుడు. అరటిపిలక ఇంకుడు గుంత ప్రక్కన బాగుగా పెరుగును.

మట్టిపని, అరుగుపని చైత్ర వైశాఖములలో ముగించి, సున్నము వానలు వెనుకబట్టిన తరువాత వేయించుడు. మొదటి పెద్దవానకు మరల గొడుగు తీసికొని వాకిట నిలిచి, వెనుకటి పుల్లల చోట నీరు నిలుచుచున్నదేమో చూడుడు. నిలిచినచో సున్నము పని మరొక నెల ఆపి, వాలు సరిచేయుడు.