అభిమాని గెలుపోటములు

మైదానంలో ఆడేవారు ఇరువైపులా కలిపి ఇరవై ఇద్దరు. ఆటకు వెలుపల కూర్చుని వారితో సమానంగా అలసిపోయేవాడు అభిమాని. అతడు బంతిని తాకడు, జట్టును ఎంపిక చేయడు, వ్యూహం రచించడు. అయినా జట్టు గెలిస్తే ‘మనం గెలిచాం’ అంటాడు. ఓడిన రాత్రి అన్నం సయించక కంచం ముందునుండి లేచిపోతాడు. తన చేతిలో లేని ఫలితానికి తన సుఖదుఃఖాలను తాకట్టు పెట్టడమే అభిమానం. ఈ వింత బంధాన్ని అర్థం చేసుకోవడానికి దూరదేశాలకు పోనవసరం లేదు. హైదరాబాదులోని ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాలతో ముడిపడిన రెండు ఫుట్‌బాల్ జట్ల కథను గమనిస్తే చాలు.

ఫిల్మ్‌నగర్ తెలుగు సినిమాకు పుట్టిల్లు కాదు, మెట్టినిల్లు. మద్రాసులో పెరిగి పెద్దదైన చిత్ర పరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చి ఈ కొండరాళ్ల నడుమ స్థిరపడింది. అభిమానమనే మాటకు నిలువెత్తు రూపం చూడాలంటే ఈ వీధులలోనే చూడాలి. కథానాయకుని పుట్టినరోజు వస్తే అతని ఇంటి ముందు జనం గుమికూడుతారు. చిత్రం విడుదలైన రోజున థియేటర్ల వద్ద కటౌట్లకు పూలదండలు, పాలాభిషేకాలు జరుగుతాయి. అయితే సినిమా అభిమానికి ఒక ధీమా ఉంది. తెరమీద కథానాయకుడు ఎన్ని అగచాట్లు పడినా చివరికి గెలుస్తాడని అతనికి తెలుసు. రచయిత ముందే ఆ ముగింపు రాసి ఉంచాడు. నచ్చకపోతే దర్శకుడు దానిని మళ్లీ చిత్రీకరించనూ వచ్చు. ఫుట్‌బాల్ అభిమానికి ఈ ధీమా లేదు. తొంభై నిమిషాల కథను ఎవరూ ముందుగా రాయరు. ఒకసారి జరిగిన దానిని ఎవరూ తిరగరాయలేరు.

ముగింపులు రాయడంలో ఆరితేరిన సినీరంగం వారే కొందరు ముగింపు తెలియని ఈ ఆటలోకి అడుగుపెట్టారు. ఇండియన్ సూపర్ లీగ్‌లోని కేరళ బ్లాస్టర్స్ జట్టులో సచిన్ టెండూల్కర్, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్‌లతో కలిసి నటులు చిరంజీవి, నాగార్జున, నిర్మాత అల్లు అరవింద్ 2016లో భాగస్వాములయ్యారు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడగా, ఆ ఏడాదే నటుడు రానా దగ్గుబాటి దానికి సహ యజమాని అయ్యాడు.

హైదరాబాదుకు ఫుట్‌బాల్ కొత్తది కాదు. ఈ నగరానికి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్‌ను గెలుచుకుంది. ఆయనే భారత జట్టును తీర్చిదిద్ది 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించిపెట్టాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో సభ్యుడు. జకార్తాలో స్వర్ణం గెలిచిన మరుసటి ఏడాదే, 1963లో రహీమ్ మరణించాడు. ఆ తరువాత దశాబ్దాలలో నగరపు మనసు క్రికెట్ వైపు మళ్లింది. రహీమ్ జీవితం ఆధారంగా 2024లో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చింది.

అటువంటి నగరానికి చాలాకాలం తరువాత జాతీయ స్థాయి లీగ్‌లో సొంత జట్టు దొరికింది. కాని తొలి సంవత్సరమే నిరాశ ఎదురైంది. 2019-20లో పది జట్ల పట్టికలో హైదరాబాద్‌ది అట్టడుగు స్థానం. పద్దెనిమిది ఆటలలో గెలిచినవి రెండే. గచ్చిబౌలిలోని బాలయోగి మైదానానికి వచ్చినవారు తరచు తలవంచుకొనే తిరిగి వెళ్లారు. ఆపై కోవిడ్ వచ్చింది. రెండేళ్లపాటు లీగ్ మొత్తం గోవాలో, ప్రేక్షకులు లేని మైదానాలలో సాగింది. మనోలో మార్కెజ్ శిక్షణలో జట్టు క్రమంగా బలపడింది. పిల్లవాడు ఎదిగే కాలంలో తల్లిదండ్రులు దూరదేశంలో ఉన్నట్లు, జట్టు వికసించే రోజులలో సొంత ఊరి అభిమాని దానిని టీవీ తెరమీద చూడవలసి వచ్చింది.

2022 మార్చి 20. గోవాలోని ఫటోర్డా మైదానం. ఫైనల్ కోసం ప్రేక్షకులను మళ్లీ లోనికి అనుమతించారు. ఒకవైపు హైదరాబాద్, మరొకవైపు కేరళ బ్లాస్టర్స్. విచిత్రమేమంటే రెండు జట్ల అభిమానులకూ ప్రియమైన రంగు పసుపే. అరవై ఎనిమిదో నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందంజ వేసింది. హైదరాబాద్ అభిమాని ఆశలు అడుగంటుతున్న వేళ, ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుండి కొట్టిన బంతి వలలోకి దూసుకుపోయింది. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురి ప్రయత్నాలను అడ్డుకున్నాడు. 3-1 తేడాతో హైదరాబాద్ విజేత అయింది. రెండేళ్ల క్రితం చిట్టచివరన ఉన్న జట్టు ఇప్పుడు ఛాంపియన్!

ఆ క్షణంలోనే మైదానానికి అవతలివైపు మరొక కథ ముగిసింది. కేరళ జట్టు 2014లోనూ, 2016లోనూ ఫైనల్‌కు చేరి ఓడిపోయింది. 2016 నాటి ఓటమి సొంతగడ్డ కొచ్చిలో, అదీ పెనాల్టీలలోనే. ఇప్పుడిది మూడవసారి. ఒకే గోల్‌కీపర్ చేతులు ఒక ఊరికి పండుగను, మరొక ఊరికి నిద్రలేని రాత్రిని ఇచ్చాయి. ఓడినవారి కన్నీరు గెలిచినవారి ఆనందబాష్పాలకంటె తక్కువ నిజమైనది కాదు. ఈ సంగతి హైదరాబాద్ అభిమానికి తెలియడానికి ఏడాది పట్టింది. 2022-23 సెమీఫైనల్‌లో అతని జట్టు కోల్‌కతాలో పెనాల్టీలలోనే ఓడిపోయింది.

అభిమానికి ఇంతటి ఆవేదన ఎందుకు కలుగుతుంది? శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. అమెరికాలో రాబర్ట్ చాల్దీని, ఆయన సహచరులు 1976లో ఒక అధ్యయనాన్ని ప్రకటించారు. తమ విశ్వవిద్యాలయ జట్టు గెలిచిన తరువాత విద్యార్థులు దాని పేరున్న దుస్తులను ఎక్కువగా ధరించారని, గెలుపు గురించి చెప్పేటప్పుడు ‘మనం’ అనే మాటను, ఓటమి గురించి చెప్పేటప్పుడు ‘వాళ్లు’ అనే మాటను వాడే మొగ్గు కనిపించిందని వారు గమనించారు. మనసే కాదు, దేహం కూడా స్పందిస్తుంది. జర్మనీలో 2006 ప్రపంచకప్ జరిగిన రోజులను మ్యూనిక్ ప్రాంత వైద్యులు పరిశీలించారు. జర్మనీ జట్టు ఆడిన రోజులలో గుండె సంబంధమైన అత్యవసర కేసులు మామూలు రోజులకంటె రెండున్నర రెట్లకు పైగా నమోదైనట్లు 2008లో వెల్లడించారు. కాబట్టి ‘ఆటే కదా’ అని తేలికగా అనేవారు అభిమాని గుండె చప్పుడు వినలేదన్నమాట.

ఓటమిని మించిన దుఃఖం ఒకటుంది. అది జట్టే లేకుండా పోవడం. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకుంది. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో ఇరవై రెండు ఆటలలో ఒక్కటే గెలిచి జట్టు మళ్లీ అట్టడుగుకు చేరింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు రాజధానికి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఓడిన జట్టు మరునాడు గెలవవచ్చు. వెళ్లిపోయిన జట్టు కోసం ఏ మైదానానికి వెళ్లి ఎదురుచూడాలి?

ఇక్కడ ఒక విషయాన్ని నిజాయితీగా గుర్తుచేసుకోవాలి. 2019లో హైదరాబాద్ జట్టు లీగ్‌లోకి వచ్చింది పుణె జట్టు వైదొలగడంవల్లనే. ఇక్కడ సంబరాలు జరిగిన రోజున పుణెలో కొందరు అభిమానులు తమ జెండాలను మడిచి పెట్టెలో దాచుకున్నారు. అదే ఏడాది ఢిల్లీ జట్టు భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్ల తరువాత ఢిల్లీకి దక్కినది హైదరాబాద్ పోగొట్టుకున్న జట్టు. ఒకరి ముంగిట మొలిచిన మొక్క మరొకరి పెరటిలోనుండి పెకలించినదేనని ఈ వరుస చెబుతుంది. యజమాని జట్టును అమ్ముకోగలడు, ఆటగాడు మరో జట్టుకు మారగలడు. అభిమానికి మాత్రం ఆ సౌకర్యం లేదు. ఒప్పందం మీద సంతకం చేయని ఒకే ఒక్కడు చివరివరకూ కట్టుబడి ఉంటాడు.

మరి ఈ అభిమానం వ్యర్థమా? కాదు. 2022 మార్చిలో ఆ రాత్రి ముక్కుమొగం తెలియనివారిని కౌగిలించుకున్న అనుభవాన్ని ఏ యాజమాన్యమూ వేరే నగరానికి తరలించుకుపోలేదు. ఏడు దశాబ్దాల నాటి పోలీస్ జట్టు పేరు నేటికీ పెద్దల నోట వినిపించడానికి కారణం కప్పులు కావు, వాటిని తలచుకొనే మనుషులు. ఆ తలపు ఊరకే పోదు. 2024 డిసెంబరు 31న బాలయోగి మైదానంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. అందులో ఆడినవి పశ్చిమ బెంగాల్, కేరళ జట్లు. తమ జట్టు బరిలో లేకున్నా అటువంటి ఆటను చూసి ఆనందించగలవాడే ఆటను నిజంగా ప్రేమించినవాడు.

అభిమానం హద్దు మీరితే దురభిమానమవుతుంది. ఎదుటి జట్టును దూషించడం, ఓడిన ఆటగాణ్ణి అవమానించడం, పందేలు కాయడం దాని వికృత రూపాలు. హద్దులో ఉన్న అభిమానం మాత్రం ఒక పాఠశాల. శ్రమించినా కొన్నిసార్లు ఓడవలసి వస్తుందని, ఎదుటివాడి గెలుపును చప్పట్లతో అంగీకరించాలని, నేటి చివరివాడు రేపు మొదటివాడు కాగలడని అది నేర్పుతుంది. పరీక్షా ఫలితాల ముందు గుండె దడదడలాడే వయసులో ఉన్న విద్యార్థికి ఇంతకంటె ఉపయోగపడే పాఠం అరుదు. సినిమాలో ముగింపు ముందే రాసి ఉంటుంది. ఆటలోను, జీవితంలోను ఎనభై ఎనిమిదో నిమిషం వరకు వేచి ఉండక తప్పదు.

అభ్యాసం

1. సినిమా అభిమానికి ఉన్న ధీమా ఫుట్‌బాల్ అభిమానికి ఎందుకు లేదు?
2. 2022 ఫైనల్‌ను రెండు జట్ల అభిమానుల దృష్టితో వర్ణించండి.
3. ‘ఒకరి ముంగిట మొలిచిన మొక్క మరొకరి పెరటిలోనుండి పెకలించినదే’ – సందర్భాన్ని వివరించండి.
4. అభిమానానికి, దురభిమానానికి గల భేదాన్ని మీ అనుభవం నుండి ఉదాహరణతో తెలపండి.