పనిలో చెయ్యి కలిపితే ఊరు మనదవుతుంది: అమెరికాలో ప్రెస్బిటేరియన్ చర్చి పరిచయం

అమెరికాలో దిగిన మొదటి ఏడాది చాలామంది తెలుగువాళ్ల లోకం అపార్ట్‌మెంటు, ఆఫీసు లేదా క్యాంపస్, ఇండియన్ స్టోరు మధ్యే తిరుగుతుంది. వారాంతం వస్తే సాటి తెలుగువారి ఇల్లు, లేదంటే గుడి. పరాయి దేశంలో మన మాట వినబడే చోటు కావలసిందే. కానీ ఏళ్లు గడిచినా పక్క వీధి మనిషి పేరు తెలియకపోతే ఆ ఊళ్లో ఉండీ లేనట్టే. పని అనుమతి రాక ఇంట్లో ఉండిపోయిన హెచ్-4 వీసా భార్యలకు, ఆర్నెల్లు ఉందామని వచ్చిన అమ్మానాన్నలకు ఈ లోటు మరీ తెలుస్తుంది.

ఈ లోటు తీరే చోటొకటి చాలా పట్టణాల్లో ఉంది. అది ప్రెస్బిటేరియన్ చర్చి. క్రైస్తవులైతే ఆరాధన కోసం ఎలాగూ వెతుక్కుంటారు. క్రైస్తవులు కానివారికి కూడా అక్కడ చోటుంది. ఇంగ్లీషు తరగతులు, ఆహార సరుకుల పంపిణీ, రక్తదాన శిబిరాలు, స్కౌట్లు, తాగుడు మానుకోవాలనుకునేవారి ఏఏ సమావేశాలు, చిన్నపిల్లల బడి వంటివి చాలా చర్చిల్లో వారమంతా నడుస్తూనే ఉంటాయి. వీటిలో పాల్గొనేవారిని మీది ఏ మతమని ఎవరూ అడగరు.

ఈ చర్చిని నడిపేది ఎవరు?

ఈ సంప్రదాయం పదహారో శతాబ్దపు యూరప్‌లో పుట్టింది. జెనీవాలో జాన్ కాల్విన్ దగ్గర నేర్చుకున్న జాన్ నాక్స్ 1560లో స్కాట్లాండ్‌లో దీనికి రూపం ఇచ్చాడు. అక్కడినుంచి, ఉత్తర ఐర్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు అమెరికాకు తెచ్చుకున్నారు. ఇప్పుడు అమెరికాలో ఇందులో పలు శాఖలున్నాయి. పెద్దది 1983లో ఉత్తర, దక్షిణ శాఖలు తిరిగి కలిసి ఏర్పడిన పీసీయూఎస్ఏ (ప్రెస్బిటేరియన్ చర్చి, యూఎస్ఏ). దాని కేంద్రం కెంటకీలోని లూయీవిల్. మరొకటి 1973లో ఏర్పడిన పీసీఏ (ప్రెస్బిటేరియన్ చర్చి ఇన్ అమెరికా). మొదటిదానిలో స్త్రీలు పాస్టర్లుగా, సంఘ పెద్దలుగా ఉంటారు. రెండోదానిలో ఆ పదవులు పురుషులకే. బయటి బోర్డు మీద మీ ఊరి చర్చి ఏ శాఖదో చూసుకోండి.

మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకు ఇది పూర్తిగా కొత్తది కాదు. 1947లో ఏర్పడిన సీఎస్ఐలోకి ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో పాటు దక్షిణ భారత ఐక్య సంఘం కూడా వచ్చింది. 1908 నాటి ఆ ఐక్య సంఘంలో ప్రెస్బిటేరియన్లూ ఉన్నారు. మదనపల్లెలో ఆస్పత్రులు, బడులు పెట్టిన ఆర్కాట్ మిషన్ వెనక ఉన్న అమెరికన్ రిఫార్మ్‌డ్ చర్చి కూడా ఈ కుటుంబానిదే.

ఒక తేడా మాత్రం పెద్దది. ఇక్కడ బిషప్పులుండరు. సంఘం ఓటు వేసి పెద్దలను ఎన్నుకుంటుంది. పాస్టరు, ఆ పెద్దలు కలిసిన ‘సెషన్’ చర్చిని నడుపుతుంది. రోగులను, కష్టంలో ఉన్నవారిని పలకరించే పని డీకన్లది. చుట్టుపక్కల ఉన్న అదే శాఖ చర్చిలన్నీ కలిసి ‘ప్రెస్బిటరీ’. కొత్త పాస్టరును వెతికేది సభ్యులు ఎన్నుకున్న కమిటీ. ఏడాదికోసారి జరిగే సభలో పాస్టరు జీతభత్యాల లెక్క కూడా సభ్యుల ముందుకే వస్తుంది.

కొత్తగా వచ్చినవారికి ఇదెందుకు ముఖ్యమంటే, ఇక్కడ పని అంతా కమిటీల్లో, మామూలు మనుషుల చేతుల మీదుగా జరుగుతుంది. కుర్చీలు వేసేది, సూపు కాచేది, పద్దు రాసేది అందరూ సభ్యులే. అందుకే వాళ్లకు చేతులెప్పుడూ చాలవు. ఒక పనిలో చెయ్యి కలిపితే మీ పేరు వాళ్లకు తెలుస్తుంది, వాళ్ల పేర్లు మీకు తెలుస్తాయి. ఎన్ని ఆదివారాలు వెనక బల్ల మీద కూర్చుని వెళ్లిపోయినా దొరకని పరిచయం ఒక్క పూట కలిసి గిన్నెలు కడిగితే దొరుకుతుంది.

మొదటి ఆదివారం

ఆరాధన ఎక్కువగా పదికో, పదకొండుకో మొదలై గంటసేపు ఉంటుంది. చెప్పిన నిమిషానికి మొదలుపెడతారు కాబట్టి పది నిమిషాలు ముందే వెళ్లండి. చీర, సల్వార్, జీన్స్ ఏదైనా ఫరవాలేదు. చెప్పులు బయట విడవక్కర్లేదు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు అనే పద్ధతి లేదు, కుటుంబమంతా కలిసే కూర్చుంటారు.

గుమ్మం దగ్గర చేతికిచ్చే కాగితంలో ఆ రోజు క్రమం మొత్తం ఉంటుంది. నక్షత్రం గుర్తున్న చోట నిలబడగలిగినవారు నిలబడతారు. అందులోని అంకెలను బట్టి పాటలను ముందు బల్ల వెనక ఉన్న పుస్తకంలో చూసుకోవాలి. పీసీయూఎస్ఏ చర్చిల్లో 2013లో వచ్చిన ‘గ్లోరీ టు గాడ్’ పుస్తకం ఎక్కువగా కనిపిస్తుంది. తబలా, డోలక్‌తో కీర్తనలు పాడి పెరిగినవారికి ఆర్గన్ వెంట మెల్లగా సాగే ఈ పాటలు మొదట్లో చప్పగా అనిపించవచ్చు. నాలుగు వారాలు గడిస్తే వాటి అందం తెలుస్తుంది.

మధ్యలో అందరూ లేచి ఒకరికొకరు శాంతి కలగాలని చెప్పుకుంటూ చేతులు కలుపుతారు. మీరూ చేయి చాచండి. కానుక పళ్లెం వచ్చినప్పుడు కొత్తవారు ఏమీ వేయకుండా పక్కవారికి అందించినా ఎవరూ ఏమీ అనుకోరు. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల సంస్కారం చాలా చోట్ల నెలలో మొదటి ఆదివారం ఉంటుంది. ద్రాక్షరసం చిన్న చిన్న గిన్నెల్లో ఇస్తారు, లేదా రొట్టెను రసంలో ముంచి తీసుకుంటారు. మీరు క్రైస్తవులు కాకపోతే తీసుకోకుండా కూర్చోవచ్చు. పేరు, ఫోను నంబరు రాయమని ఒక పుస్తకం చేతులు మారుతూ వస్తుంది. ఇష్టమైతేనే రాయండి. రాస్తే వారంలోపు ఎవరో ఒకరు పలకరిస్తారు.

పాస్టరును పేరు పెట్టి పిలవడం ఇక్కడ మర్యాదే. అయ్యగారు, అమ్మగారు అని పిలిచి అలవాటైన మనకు నోరు రాకపోతే, పేరుకు ముందు పాస్టర్ అని చేర్చండి.

ఆరాధన తర్వాతే అసలు పరిచయం

ప్రార్థన ముగియగానే కారెక్కేయకండి. పక్క హాల్లో కాఫీ, కుకీలు ఉంటాయి. మీరు ఎక్కడినుంచి వచ్చారని అడిగితే ఇండియా అని ఆపేయకుండా మీ ఊరు చెప్పండి. గోదావరి గట్టునో, కరీంనగర్ దగ్గరో అంటే మాట సాగుతుంది. మీరూ వాళ్ల ఊరు, పని, తాతముత్తాతల సంగతి అడగండి. వయసు పైబడినవారితో మాట్లాడటం వాళ్లకూ సంతోషం, మీ ఇంగ్లీషుకూ మేలు.

కొన్ని ఆదివారాలు పాట్‌లక్ ఉంటుంది, అంటే తలా ఒక వంటకం తెచ్చి అందరూ కలిసి తినే భోజనం. శాకాహారులు, హలాల్ పాటించేవారు కొన్ని తెలుసుకోవాలి. ఉడికించిన చిక్కుళ్లలో పంది మాంసం ముక్కలు కలపడం, చిల్లీ అనే కూరలో గొడ్డు మాంసం ఉండటం మామూలు. జెల్లో, మార్ష్‌మాలోలలో జెలటిన్ ఉంటుంది. మొహమాటపడకుండా అడగండి, ఎవరూ తప్పుగా తీసుకోరు.

మీరు తీసుకెళ్లడానికి నిమ్మకాయ పులిహోర, కూరగాయల పలావు, కారం తగ్గించిన బంగాళాదుంప వేపుడు చక్కగా నప్పుతాయి. పల్లీలు, జీడిపప్పు వేయకండి. అవి పడనివాళ్లుంటారు, కొందరికి ప్రాణం మీదికే వస్తుంది. వంటకం పేరు, అందులో వేసినవి ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టండి. కరివేపాకు, ఎండుమిర్చి తీసి పక్కన పెట్టుకోమని చెప్పడం మరిచిపోవద్దు.

రాబోయే ఏడాదిలో ఏమేం ఉంటాయి?

ఆగస్టులో దిగినవారికి సమయం భలే కలిసొస్తుంది. బడులు తెరిచాక సెప్టెంబరులో చర్చి ఏడాది కూడా కొత్తగా మొదలవుతుంది. తరగతులు, క్వయర్, యువజన బృందాల్లోకి కొత్తవారిని చేర్చుకునేది అప్పుడే.

అక్టోబరు మొదటి ఆదివారం ప్రపంచ సంస్కారపు ఆదివారం. ఇది 1933లో పిట్స్‌బర్గ్‌లోని షేడీసైడ్ ప్రెస్బిటేరియన్ చర్చిలో మొదలై ఇతర సంఘాలకూ వ్యాపించింది. కొన్ని చోట్ల ఆ రోజు వేర్వేరు దేశాల రొట్టెలు బల్ల మీద పెడతారు, వేర్వేరు భాషల్లో ప్రార్థిస్తారు. తెలుగులో చదువుతానంటే సంతోషంగా ఒప్పుకుంటారు. ఆకలి నివారణకు విరాళాలు సేకరించే క్రాప్ నడక కూడా చాలా ఊళ్లలో ఈ కాలంలోనే. చర్చికి కానుకలు పోగుచేసేదీ ఈ కాలంలోనే, కానీ మన చర్చిల కోత పండుగల్లో పంటను వేలం వేసినట్టు ఇక్కడ ఉండదు. రాబోయే ఏడాదికి ఎంత ఇవ్వగలరో సభ్యులు కార్డు మీద రాసిస్తారు, దాన్నిబట్టి బడ్జెట్ వేస్తారు.

నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. క్యాంపస్ ఖాళీ అయి విద్యార్థులు ఒంటరిగా మిగిలే సమయమది. కాలేజీ ఊళ్లలో చాలామంది విదేశీ విద్యార్థులను భోజనానికి పిలుస్తారు. పిలిస్తే వెళ్లండి. ఏం తినరో ముందే చెప్పండి.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. చర్చిని పచ్చని కొమ్మలతో అలంకరించే రోజు పిల్లలతో వెళ్లండి. పేద పిల్లలకు కావలసిన బహుమతులు రాసిన చీటీలు చెట్టుకు కడతారు, ఒకటి తీసుకుని ఆ వస్తువు కొనివ్వవచ్చు. డిసెంబరు 24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధనకు ఊరంతా వస్తుంది. వెలిగిన కొవ్వొత్తిని వంచకండి, వెలగనిదాన్నే వంచి అంటించుకోవాలి.

ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ ఆట జరిగే ఆదివారం యువకులు సూపు గిన్నెలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతారు. 1990లో సౌత్ కరోలినా రాష్ట్రం కొలంబియాలోని ఒక ప్రెస్బిటేరియన్ చర్చి యువకులు, వచ్చినవారిని తలా ఒక డాలరు వేయమని అడిగి ఆకలిగొన్నవారికి ఇచ్చారు. ఇప్పుడది దేశమంతటా సాగుతున్న సేవ.

ఈస్టరుకు ముందు వచ్చే లెంటు కాలం మొదలయ్యే భస్మ బుధవారానికి ముందురోజు పాన్‌కేక్ విందు. లెంటు దినాల్లో వారానికోసారి సూపు, రొట్టె భోజనం, చిన్న చర్చా తరగతి. పిల్లలకు చేప బొమ్మ కాగితపు డబ్బాలిచ్చి చిల్లర దాచమంటారు, ఆ సొమ్ము ఈస్టరు నాటికి విపత్తు బాధితుల సాయానికి వెళ్తుంది. ఈలోగా మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. ఆ ఉదయం ఆలస్యంగా వచ్చేది ఎక్కువగా కొత్తవాళ్లే. తర్వాత మట్టలాదివారం, గుడ్‌ఫ్రైడే, ఈస్టరు. వేసవిలో ఒక వారం సెలవుల బైబిలు బడి, పార్కులో వనభోజనం.

పిల్లల సంగతి

ఆరాధన వేళ పసిపిల్లలను చూసుకునే గది చాలా చర్చిల్లో ఉంటుంది. అక్కడ పనిచేసేవారి నేపథ్యాన్ని ముందే పరిశీలించడం, ఒక్కరే పెద్దవారు పిల్లలతో ఉండకుండా ఇద్దరిని ఉంచడం మంచి చర్చిలు పాటించే నియమం. ఈ నియమాలేమిటని అడగడం తల్లిదండ్రులుగా మీ హక్కు.

చర్చి నడిపే ప్రీస్కూల్లో సభ్యులు కాని పిల్లలనూ చేర్చుకుంటారు. చాలావరకు ఒక పూటే ఉంటుంది కాబట్టి ఇద్దరూ ఉద్యోగాలు చేసేవారికి సరిపోకపోవచ్చు. సెప్టెంబరు సీట్ల కోసం జనవరి, ఫిబ్రవరిలోనే కనుక్కోండి. అక్కడా, వేసవి బడిలోనూ బైబిలు కథలు, పాటలు ఉంటాయి. మీ ఇంటికి అది సరిపడుతుందో లేదో ముందే నిర్ణయించుకోండి. పంపితే, ఇంట్లో మన కథలు కూడా చెప్పుకోండి. రెండూ విన్న పిల్లలకు నష్టం లేదు.

సేవ, వీసా, డబ్బు

జీతం లేకుండా, ప్రతిఫలం ఆశించకుండా సరుకులు సర్దడం, భోజనం వడ్డించడం వంటి సేవకు పని అనుమతి అక్కర్లేదు. కానీ మామూలుగా జీతమిచ్చి చేయించే ఉద్యోగాన్ని ఉచితంగా చేస్తానని ఒప్పుకోకండి. గిఫ్ట్ కార్డులు కూడా తీసుకోకండి. విద్యార్థులు సందేహముంటే కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగాలి. వీసా విషయంలో చర్చి మిత్రుల సలహా ఎంత ప్రేమగా ఇచ్చినా, న్యాయవాది మాటే నమ్మండి.

రక్తదానానికి వెళ్లే ముందు నిర్వాహకులకు ఫోను చేయండి. మలేరియా ఉన్న దేశాలనుంచి కొత్తగా వచ్చినవారిని కొంతకాలం ఆగమంటారు.

తెలుగు బడికో, ఉగాది వేడుకకో హాలు కావాలంటే ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. భవనం వాడకం సెషన్ చేతిలో ఉంటుంది. బీమా పత్రం అడగవచ్చు, మద్యం వద్దనవచ్చు. దీపం వెలిగిస్తారా, పూజ చేస్తారా అన్నది దాచకుండా ముందే చెప్పండి. వాళ్లు కాదంటే మర్యాదగా ఒప్పుకోండి. ఔనంటే హాలు తీసుకున్నప్పటికంటే శుభ్రంగా తిరిగి అప్పగించండి. మీ తర్వాత అడగబోయే తెలుగువాళ్ల మర్యాద కూడా అందులో ఉంది.

మీ నమ్మకం మీదే

నేను హిందువుని, ముస్లింని అని మొదటిరోజే చెప్పేయండి. దాచితే ఇద్దరికీ ఇబ్బంది. చెబితే చాలామంది గౌరవిస్తారు. బైబిలు చర్చకు పిలిస్తే ఆసక్తి ఉంటే వెళ్లవచ్చు, లేకపోతే వద్దనవచ్చు. ఎక్కడైనా ఒత్తిడి చేస్తున్నారనిపిస్తే మరో చర్చి చూసుకోండి. బాప్టిస్టు, లూథరన్ కుటుంబాలనుంచి వచ్చినవారు కూడా పసిపిల్లల బాప్తిస్మం వంటి విషయాల్లో తమ సంఘానికీ దీనికీ ఉన్న పోలికలు, తేడాలు పాస్టరునే అడిగి తెలుసుకోండి. అడిగేవారంటే ఇక్కడ ఇష్టం.

అయినవాళ్లు పోయినప్పుడు ఇండియా వెళ్లలేని దుఃఖం, కాన్పు తర్వాతి ఒంటరితనం, ఉద్యోగం పోయిన భయం మోస్తున్నప్పుడు డీకన్లకు చెప్పండి. కొన్ని చర్చిల్లో స్టీఫెన్ మినిస్ట్రీ అని, ఓపికగా వినడానికి శిక్షణ పొందిన సభ్యులుంటారు. మీరు చెప్పినది వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఈ వారమే మీకు దగ్గర్లోని చర్చి ఆఫీసుకు ఫోను చేయండి. ఊరికి కొత్తగా వచ్చాం, సరుకుల పంపిణీలో సాయం కావాలా అని అడగండి. ఏ రోజు, ఎన్ని గంటలకు రావాలో చెబుతారు. చెప్పిన రోజున, చెప్పిన వేళకు వెళ్లండి. తర్వాతి వారమూ వెళ్లండి. మానకుండా వచ్చే మనిషిని ఏ ఊరైనా తనవాడిగానే చూసుకుంటుంది.